శరణార్థిగా గడిచిన బాల్యం, ఆ తర్వాతి జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

కట్టుబట్టలతో సరిహద్దు దాటిన పిల్లలు పెద్దవాళ్లవుతారు. ఉద్యోగాల్లో చేరతారు, పెళ్లిళ్లు చేసుకుంటారు, పిల్లల్ని పెంచుతారు. అన్నీ కుదుటపడ్డాయి అనుకున్న వేళ కొన్ని సందేహాలు తలెత్తుతాయి. వాళ్లకే కాదు, వాళ్ల జీవిత భాగస్వాములకూ పిల్లలకూ ఉపాధ్యాయులకూ అవే సందేహాలు. మళ్లీ మళ్లీ వినిపించేవాటిని జీవితంలోని దశల వారీగా ఇక్కడ చేర్చాను. ఎక్కడి నుంచైనా చదవవచ్చు.

ఈ ప్రశ్నలు కొద్దిమందివి కావు. 2024 చివరి నాటికి యుద్ధాలు, హింస, వేధింపుల వల్ల ఇళ్లు విడిచినవారు 12.3 కోట్ల మంది అని ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క. వారిలో సుమారు 40 శాతం పిల్లలే.

## ఊరు విడిచిన రోజులు

శరణార్థిగా పెరిగినవారందరి మనసూ దెబ్బతిని ఉంటుందా?

ఉండదు. ఐదు దేశాల్లో శరణార్థి పిల్లలపై జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2020లో వెలువడింది. తీవ్ర భయానుభవం తర్వాత వచ్చే మానసిక రుగ్మత సుమారు 23 శాతం మందిలో, కుంగుబాటు సుమారు 14 శాతం మందిలో కనిపించాయి. మామూలు పిల్లలతో పోలిస్తే ఇవి చాలా ఎక్కువ. అయినా ఆ రుగ్మత లేనివారే ఎక్కువమంది అన్న సంగతినీ ఆ అంకెల్లోనే చూడాలి. శరణార్థి అనగానే జాలిపడి రోగిలా చూడటం ఆ పిల్లలకు జరిగే రెండో అన్యాయం.

అప్పటికి నాకు రెండేళ్లే. గుర్తే లేనిదాని ప్రభావం నా మీద ఎలా ఉంటుంది?

మూడు, మూడున్నరేళ్ల లోపు జరిగినవి పెద్దయ్యాక సంఘటనలుగా గుర్తుండకపోవడం అందరిలోనూ సహజమే. కానీ ఆ వయసులో బిడ్డ లోకాన్ని తెలుసుకునేది ఎత్తుకున్న చేతుల ద్వారా. అమ్మ భయంతో బిగుసుకుపోయి ఉంటే, నెలల తరబడి నిద్ర, తిండి, చోటు ఏదీ స్థిరంగా లేకపోతే, ఆ అస్థిరతకు తగ్గట్టే బిడ్డ శరీరం అలవాటుపడుతుంది. పెద్దయ్యాక అది చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటంగానో, ఎవరైనా ఆలస్యంగా వస్తే తట్టుకోలేకపోవడంగానో కనిపించవచ్చు. అయితే ఉలిక్కిపడే ప్రతి స్వభావానికీ ఆ ప్రయాణమే కారణమని తీర్మానించుకోకండి. మీ విషయంలో దాన్ని రుజువు చేసే మార్గం లేదు, రుజువు కాకపోయినా సాయం అడగవచ్చు.

పిల్లల్ని ఒంటరిగానైనా సురక్షితమైన చోటికి పంపడమే మేలు కదా?

ప్రాణం దక్కాలంటే మరో దారి లేనప్పుడు తల్లిదండ్రులు గుండె రాయి చేసుకుని ఆ పని చేశారు. 1938 డిసెంబరు నుంచి 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలయ్యే వరకు నాజీల పాలనలోని ప్రాంతాల నుంచి సుమారు 10 వేల మంది పిల్లలు, ఎక్కువగా యూదులు, బ్రిటన్ చేరారు. వారిలో చాలామంది తల్లిదండ్రులను మళ్లీ చూడలేదు. 1960 నుంచి 1962 వరకు 14 వేలకు పైగా క్యూబా పిల్లలు పెద్దవాళ్ల తోడు లేకుండా అమెరికా చేరారు. మొదటి ఉదాహరణలో ఆ నిర్ణయం ప్రాణాలు కాపాడింది. దాన్ని తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు.

కానీ ఎడబాటు దానికదే ఒక గాయం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లండన్‌లో పిల్లల ఆశ్రయాలు నడిపిన మనోవిశ్లేషకులు ఆనా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హమ్ ఒక విషయం గమనించారు. బాంబుల మధ్యనైనా తల్లి దగ్గరే ఉన్న పిల్లలకంటే, దూరంగా క్షేమమైన చోటికి పంపినవారు ఎక్కువగా తల్లడిల్లారు. అందుకే ఈనాడు పిల్లల సంరక్షణలో పనిచేసేవారు కుటుంబాన్ని కలిపి ఉంచడానికే మొదటి ప్రాధాన్యం ఇస్తారు. అలా పంపిన బిడ్డ మీరే అయితే, ‘నన్ను వదిలేశారు’ అన్న కోపమూ ‘నన్ను బతికించారు’ అన్న ప్రేమా రెండూ మీలో ఉండవచ్చు. ఒకటి ఉందని రెండోది అబద్ధం కాదు.

## శిబిరంలో, ఎదురుచూపులో

నేను శిబిరంలోనే పుట్టాను. పారిపోయి వచ్చింది అమ్మానాన్నలు. మరి నేనూ శరణార్థినేనా?

చట్టం దృష్టిలో సాధారణంగా అవును, తల్లిదండ్రుల హోదాయే పిల్లలకూ వర్తిస్తుంది. చిక్కు పౌరసత్వం దగ్గర వస్తుంది. కొన్ని దేశాలు పుట్టిన నేలను బట్టి, ఎక్కువ దేశాలు తల్లిదండ్రులను బట్టి పౌరసత్వం ఇస్తాయి. రెండూ అందని బిడ్డ ఏ దేశానికీ చెందకుండా మిగిలిపోవచ్చు. పుట్టిన వెంటనే నమోదు, పేరు, జాతీయత ప్రతి బిడ్డ హక్కులని 1989 నాటి బాలల హక్కుల ఒప్పందంలోని 7వ అధికరణం చెబుతోంది. ఇది కాగితం మీది మాట మాత్రమే కాదు. నమోదు లేని బిడ్డకు పెద్దయ్యాక పరీక్ష, ఉద్యోగం, పెళ్లి, బ్యాంకు ఖాతా అన్నీ అడ్డుగోడలే.

కెన్యాలోని దదాబ్ శిబిరాలు 1991లో మొదలయ్యాయి. అల్జీరియాలో టిండూఫ్ దగ్గర, పశ్చిమ సహారా నుంచి వచ్చిన సహరావీ ప్రజల శిబిరాలు 1975 నాటివి. అక్కడ పుట్టినవారి పిల్లలూ అక్కడే పుడుతున్నారు. వాళ్లు చూడని ఊరిని ‘మన ఊరు’ అంటూ పెరుగుతారు.

నా కాగితాల్లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. నాలాంటివారు చాలామంది కనిపిస్తారు. ఎందుకు?

తేదీ తెలియనప్పుడు, రుజువు లేనప్పుడు నమోదు చేసే అధికారులు ఏడాదిని అంచనా వేసి జనవరి 1 రాయడం అనేక దేశాల్లో ఆనవాయితీ. ఏడాదే తప్పుగా పడితే మాత్రం ఇబ్బంది. బడిలో ఏ తరగతి, ఏ వయసుకు పింఛను అన్నీ దాని మీదే నడుస్తాయి. సరిచేయించుకోవాలంటే ఆలస్యం చేయవద్దు, సాక్ష్యం చెప్పగల పెద్దలు ఉండగానే ప్రయత్నించండి.

ఏళ్ల తరబడి ఎదురుచూడటం పిల్లల మీద ఏం చేస్తుంది?

భయంకన్నా నెమ్మదిగా, భయంకన్నా లోతుగా పనిచేసేది ఇదే అని నా అభిప్రాయం. ప్రపంచంలోని శరణార్థుల్లో సుమారు మూడింట రెండు వంతుల మంది ఐదేళ్లకు మించి పరిష్కారం లేకుండా సాగుతున్న పరిస్థితుల్లో ఉన్నారు. పెద్దవాళ్లకు ఐదేళ్లంటే జీవితంలో ఒక భాగం, ఆరేళ్ల పిల్లకు దాదాపు జీవితమంతా. ‘వచ్చే ఏడాది వెళ్లిపోతాం’ అని ఏటా వింటూ పెరిగిన పిల్లలు చెట్టు నాటరు, స్నేహం చేయరు, చదువు మీద మనసు పెట్టరు. పెద్దయ్యాక దీర్ఘకాలం కట్టుబడాల్సిన చోట వెనకడుగు వేసే అలవాటు ఇక్కడ మొదలవుతుంది. దరఖాస్తు ఏ దశలో ఉందో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడం, రోజుకో క్రమం ఏర్పరచడం, ఆట, చదువు ఆగకుండా చూడటం చిన్న పనుల్లా కనిపిస్తాయి. భవిష్యత్తు ఉందన్న నమ్మకం నిలబడేది వాటితోనే.

## కొత్త చోట, బడి వయసులో

నాలుగేళ్లు బడికి వెళ్లలేదు. ఆ లోటు పూడుతుందా?

చాలావరకు పూడుతుంది, కానీ దానంతటది పూడదు. వయసును బట్టి పై తరగతిలో కూర్చోబెట్టి వదిలేస్తే పిల్ల మౌనంగా వెనకబడుతుంది. చిన్న తరగతిలో వేస్తే అవమానంతో మానేస్తుంది. పోయిన ఏళ్ల పాఠాలను కుదించి వేగంగా నేర్పే తరగతులు, భాష కోసం విడిగా సమయం, రెండూ కావాలి. ప్రాథమిక విద్యలో శరణార్థులను సొంత పౌరులతో సమానంగా చూడాలని 1951 శరణార్థుల ఒప్పందంలోని 22వ అధికరణం చెబుతోంది. ఉన్నత విద్యకు జర్మనీ ప్రభుత్వ సాయంతో 1992 నుంచి నడుస్తున్న డాఫీ ఉపకార వేతనాలు ఉన్నాయి. పాత మార్కుల జాబితా లేదని వెనక్కి తగ్గకండి. పరీక్ష పెట్టి స్థాయి నిర్ణయించే పద్ధతి ఉందేమో ముందు అడగండి.

కొత్త భాష ఇంట్లో అందరికంటే ముందు నాకే వచ్చింది. ఆసుపత్రిలో, కార్యాలయాల్లో అమ్మ తరఫున నేనే మాట్లాడేదాన్ని. అది నాకు మంచే చేసిందా?

మంచీ చెడూ రెండూ చేసి ఉంటుంది. దుకాణంలో, బడిలో ఇంటివారి తరఫున మాట్లాడిన పిల్లల్లో ఆత్మవిశ్వాసం, ఎదుటివారి మనసు చదివే నేర్పు పెరగడం చూస్తాం. కానీ పదేళ్ల పిల్ల తల్లికి ఆమె జబ్బు పేరు చెప్పాల్సి రావడం, ఆశ్రయం నిరాకరించిన ఉత్తరాన్ని నాన్నకు చదివి వినిపించాల్సి రావడం వేరు. అక్కడ బిడ్డ ఇంటికి పెద్దదిక్కు అవుతుంది, తన భయం చెప్పుకోవడానికి తనకు పెద్దవాళ్లు మిగలరు. పెద్దయ్యాక అందరి బరువూ మోస్తూ తన కోసం ఎవరినీ ఏమీ అడగలేని మనుషులుగా వీళ్లు కనిపిస్తారు. ఇప్పుడు పిల్లలతో ఆ పని చేయిస్తున్నవారికి నా విన్నపం: వైద్యం, న్యాయం, పోలీసు విషయాల్లో తప్పనిసరిగా పెద్దవారైన దుబాసీని అడగండి.

మాతృభాష పూర్తిగా మరచిపోయాను. తిరిగి వస్తుందా?

ఎంత వయసులో వదిలారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. పదేళ్లు దాటాక వదిలిన భాష సాధారణంగా లోపల నిలిచే ఉంటుంది. మరీ చిన్నప్పుడు పోయిన భాష కూడా పూర్తిగా చెరిగిపోదనడానికి ఆధారాలున్నాయి. చైనాలో పుట్టి, ఏడాది వయసు అటూ ఇటూగా దత్తతకు కెనడా చేరి, ఫ్రెంచి మాత్రమే మాట్లాడుతూ పెరిగిన బాలికలకు చైనా భాషలోని స్వరాలు వినిపించి చూశారు. ఒక్క మాట అర్థం కాకపోయినా వారి మెదడు ఆ భాష వచ్చినవారి మెదడులాగే స్పందించింది. ఆ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. అందుకని మాటలు అప్రయత్నంగా వచ్చేస్తాయని కాదు. నేర్చుకోవడం మొదలుపెడితే ఉచ్చారణ మీరు అనుకున్నదానికంటే త్వరగా పట్టుబడవచ్చు.

మా తరగతిలో ఒక శరణార్థి బాలుడు చేరాడు. ఉపాధ్యాయురాలిగా ఏం చేయాలి?

పేరు సరిగ్గా పలకడం నేర్చుకోండి. ‘నీ కథ అందరికీ చెప్పు’ అని నిలబెట్టకండి. గంట, పరీక్ష, సెలవు, ప్రమాద హెచ్చరికల సాధన వంటివి ముందే చెప్పండి. వెక్కిరింపు మొదలైన రోజే ఆపండి. ఒక్క స్నేహితుడు దొరికేలా కూర్చునే చోటు మార్చండి.

## పెద్దయ్యాక

చిన్నప్పుడు ఎంత ఘోరం చూస్తే జీవితం అంతగా పాడవుతుందా?

ఈ ఒక్క జవాబు చదివి వెళ్లినా చాలు. ఘోరం ప్రభావం ఉంటుంది, కానీ దాని తర్వాతి కాలానికి ఉన్న బలాన్ని మనం తక్కువగా అంచనా వేస్తాం.

హన్స్ కైల్సన్ అనే వైద్యుడు నెదర్లాండ్స్‌లో యుద్ధం వల్ల అనాథలైన యూదు పిల్లలను సుమారు పాతికేళ్ల తర్వాత వెతికి పట్టుకుని పరిశీలించాడు. ఫలితాలు 1979లో ప్రచురించాడు. వారి అనుభవాన్ని మూడు దశలుగా విడదీశాడు: నాజీ జర్మనీ ఆక్రమణ మొదలైన కాలం, దాక్కున్న లేదా నిర్బంధ శిబిరాల్లో గడిపిన కాలం, యుద్ధం ముగిశాక పెరిగిన కాలం. రెండో దశలో దారుణాలు చూసి మూడో దశలో ప్రేమగా పెరిగినవారు, రెండో దశ కాస్త తేలికగా గడిచి మూడో దశలో ఆదరణ దొరకనివారికంటే మెరుగ్గా ఉన్నారు.

పశ్చిమాసియా నుంచి డెన్మార్క్ వచ్చిన పిల్లలను ఈడిత్ మోంట్‌గొమరీ అనే పరిశోధకురాలు ఎనిమిది, తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ కలిసినప్పుడూ ఇలాంటి సంగతే తేలింది. చాలామందిలో బాధలు తగ్గాయి. తగ్గనివారి విషయంలో వివక్ష వంటి కొత్త దేశపు ఒత్తిళ్ల పాత్ర పెద్దదిగా కనిపించింది.

నాకు దీని అర్థం ఒక్కటే. బాంబును వెనక్కి తీసుకోవడం మన చేతిలో లేదు, బిడ్డ వచ్చాక ఎలా చూసుకుంటామన్నది పూర్తిగా మన చేతిలో ఉంది. ‘వాళ్లు అక్కడే దెబ్బతిని వచ్చారు’ అని చేతులు దులుపుకునే ప్రతి వ్యవస్థకూ ఈ అధ్యయనాలు జవాబు చెబుతున్నాయి.

ఎంత సాధించినా చాలదనిపిస్తుంది. విశ్రాంతి తీసుకుంటే తప్పు చేసినట్టు ఉంటుంది. దీనికీ నా బాల్యానికీ సంబంధం ఉందా?

ఉండే అవకాశం ఎక్కువ. ఇల్లూ పొలమూ ఒక్క రాత్రిలో పోవడం చూసిన కుటుంబం ఎవరూ లాక్కోలేని ఆస్తి మీద దృష్టి పెడుతుంది. అది చదువు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సరిహద్దులు మారినప్పుడు తూర్పు ప్రాంతాల నుంచి పోలండ్‌కు తరలించిన కుటుంబాల వారసులు, మిగిలిన పోలండ్ ప్రజలకంటే సగటున ఒక ఏడాది ఎక్కువ చదివారని 2020లో వెలువడిన పరిశోధన చూపింది. తరలింపునకు ముందు ఆ కుటుంబాలు చదువులో ముందున్నవి కావు.

శరణార్థి బాల్యం నుంచి ఎదిగినవారి పేర్లు మనకు తెలుసు. దేశ విభజనలో తల్లిదండ్రులను పోగొట్టుకుని ఢిల్లీ శిబిరంలో తలదాచుకున్న మిల్ఖాసింగ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో నాలుగో స్థానంలో నిలిచాడు. ఆరేళ్ల వయసులో ఇల్లు కోల్పోయి క్రొయేషియాలోని జాదర్‌లో హోటళ్లలో నిరాశ్రయుడిగా పెరిగిన ఫుట్‌బాల్ ఆటగాడు లూకా మోద్రిచ్ 2018లో ఆ ఏటి ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ పురస్కారం అందుకున్నాడు. గర్వించదగ్గ జీవితాలే. కానీ ఈ పేర్లను పిల్లల ముందు కొలబద్దలా పెట్టవద్దని వేడుకుంటున్నాను. మామూలుగా బతికే హక్కు కూడా వాళ్లది. ఆగకుండా పరిగెత్తడం వల్ల నిద్ర, ఆరోగ్యం, దాంపత్యం పోతున్నాయంటే ఆ పరుగు మీకు మేలు చేయడం మానేసిందని గ్రహించండి.

పత్రాలు, కొంత డబ్బు, జత బట్టలు ఎప్పుడూ సంచిలో సర్ది ఉంచుతాను. తిండి వృథా అయితే భరించలేను. ఇది జబ్బా?

కాదు. ఒకప్పుడు మిమ్మల్ని కాపాడిన అలవాట్లు ఇవి. సంచి ఉండటం వల్ల నిద్ర పడుతుందంటే ఉండనివ్వండి. దాన్ని రాత్రికి పదిసార్లు తెరిచి చూడాల్సి వస్తే, అది లేకుండా గుమ్మం దాటలేకపోతే, నిపుణులను కలవండి.

వెనక మిగిలిపోయినవారు గుర్తొస్తే నేను సుఖంగా ఉండటమే నేరమనిపిస్తుంది. పైగా ఆశ్రయమిచ్చినందుకు కృతజ్ఞత చూపాలంటారు.

బతికి బయటపడ్డవారిలో అపరాధభావం చాలా సాధారణం. సరిహద్దులో చెయ్యి జారిన తమ్ముడి గురించి ఏడేళ్ల పిల్ల చేయగలిగింది ఏమీ లేదని పెద్దయ్యాక బుద్ధికి తెలుస్తుంది, మనసు ఒప్పుకోదు. ఆ బరువును పదిమందికి పనికొచ్చే పనిగా మార్చుకున్నవారికి కొంత ఉపశమనం దొరకడం చూస్తాం. డబ్బు పంపడం కూడా ఒక దారే, అప్పుల పాలవకుండా హద్దు పెట్టుకోండి.

ఇక కృతజ్ఞత. ఆశ్రయం దయాధర్మం కాదు, అంతర్జాతీయ చట్టం గుర్తించిన రక్షణ. మీరు పన్ను కడుతూ, ఓటు వేస్తూ, ఆ దేశంలోని లోపాన్ని లోపమని చెప్పవచ్చు. అక్కడే పుట్టినవారిని ఎవరూ రోజూ కృతజ్ఞత చూపమని అడగరు.

ఇన్నేళ్ల తర్వాత చికిత్స పనిచేస్తుందా?

పనిచేస్తుంది. శరణార్థుల కోసమే రూపొందిన ఒక పద్ధతిలో నేల మీద తాడు పరుస్తారు. అది జీవితరేఖ. చెడు జరిగిన చోట రాయి, మంచి జరిగిన చోట పువ్వు పెడుతూ, పుట్టుక నుంచి నేటి వరకు కథను వరుసగా చెప్పిస్తారు. ముక్కలుగా ఉన్న భయాలకు తేదీ, చోటు, ముగింపు దొరుకుతాయి. పిల్లలకూ దీని రూపం ఉంది. కొందరికి మాటల చికిత్సకంటే ముందు నివాస పత్రం, స్థిరమైన పని అవసరం. రేపు పంపించేస్తారేమో అన్న భయం నిజమైనదే అయినప్పుడు దాన్ని ఏ చికిత్సా తీయలేదు.

## ఇంట్లో: దాంపత్యం, పిల్లలు

మా ఆయన తన చిన్నతనం గురించి ఒక్క మాట చెప్పరు. అడగాలా, వదిలేయాలా?

వినడానికి సిద్ధంగా ఉన్నానని ఒకసారి స్పష్టంగా చెప్పండి, తర్వాత వేచి ఉండండి. చెప్పకపోవడం మీ మీద నమ్మకం లేకపోవడం కాదు. తనకు దక్కిన మామూలు జీవితంలోకి ఆ రోజుల్ని రానివ్వకూడదన్న జాగ్రత్త కావచ్చు. చెప్పడం మొదలుపెట్టినప్పుడు వివరాలు లాగకండి, సలహా ఇవ్వకండి. తాగుడు, కోపం, పీడకలలు ఇంటిని కమ్ముకుంటున్నాయంటే మాత్రం గతాన్ని కాదు, ఆ ప్రవర్తనను ముందు పెట్టి మాట్లాడండి. బాల్యం కారణం కావచ్చు, మిమ్మల్ని బాధించడానికి అనుమతి కాదు.

మా అమ్మ పడ్డ బాధ నాకూ సంక్రమిస్తుందా?

రెండో ప్రపంచ యుద్ధంలో సుమారు 70 వేల మంది ఫిన్లాండ్ పిల్లలను, ఎక్కువగా స్వీడన్‌కు తరలించారు. అలా వెళ్లినవారినీ ఇంట్లోనే ఉన్న వారి తోబుట్టువులనూ తర్వాత పోల్చి చూశారు. వెళ్లిన తల్లుల కూతుళ్లు మానసిక సమస్యలతో ఆసుపత్రిలో చేరే ముప్పు ఎక్కువని 2018లో వెలువడిన అధ్యయనం చెప్పింది. కొడుకుల్లో అది కనిపించలేదు. ఎలా సంక్రమిస్తుందన్నది ఇంకా తేలలేదు. జన్యువుల పనితీరులో మార్పుల గురించి వచ్చే పెద్ద పెద్ద శీర్షికలు చూసి కంగారుపడకండి. ముప్పు ఎక్కువ అంటే తప్పదని కాదు.

పిల్లలకు ఎప్పుడు, ఎంత చెప్పాలి?

చిన్నవయసులో ‘మేము వేరే చోట ఉండేవాళ్లం, అక్కడ ప్రమాదం వచ్చింది, అందుకే ఇక్కడికి వచ్చాం, ఇప్పుడు క్షేమంగా ఉన్నాం’ అన్నంత చాలు. పెద్దవుతున్న కొద్దీ అడిగినదానికి నిజం చెప్పండి. దృశ్యాలు వర్ణించకండి, పూర్తిగా దాచనూ వద్దు. 1939లో రెండేళ్లు నిండకముందే ప్రాగ్ విడిచిన మెడలీన్ ఆల్‌బ్రైట్‌కు తన కుటుంబం యూదులదని, ముగ్గురు తాతమామ్మలు నాజీల మారణకాండలో చనిపోయారని 1997లో గానీ స్పష్టంగా తెలియలేదు. అప్పటికి ఆమె అమెరికా విదేశాంగ మంత్రి. చెప్పవలసిన తల్లిదండ్రులు అప్పటికే లేరు.

## వెనక్కి తిరిగి చూసే వయసు

పుట్టిన ఊరు ఒకసారి చూసి రావాలని ఉంది. వెళ్లవచ్చా?

ముందు చట్టం చూసుకోండి. ఇంకా శరణార్థి హోదాలోనే ఉంటే సొంత దేశానికి వెళ్లడం ఆ హోదాకే ముప్పు తేవచ్చు. పౌరసత్వం వచ్చి, అక్కడ ప్రమాదం లేకపోతే, తోడు తీసుకుని వెళ్లండి. 1960లో లాహోర్ పందేనికి వెళ్లడానికి మిల్ఖాసింగ్ మొదట ఒప్పుకోలేదు, నెహ్రూ నచ్చజెప్పాక వెళ్లి గెలిచాడు. అందరికీ గెలుపు ఎదురుకాదు. మీ ఇంట్లో వేరేవాళ్లు ఉండవచ్చు, మిమ్మల్ని గుర్తుపట్టేవారు ఒక్కరూ లేకపోవచ్చు. చూసి తేలికపడ్డవారూ ఉన్నారు, కొన్ని నెలలు కుంగిపోయినవారూ ఉన్నారు. తిరిగొచ్చిన మర్నాడే పనిలో చేరేలా పెట్టుకోకండి.

తప్పిపోయినవారి జాడ, నా పాత నమోదు పత్రాలు ఎక్కడ వెతకాలి?

విడిపోయిన బంధువుల కోసం రెడ్‌క్రాస్, రెడ్‌క్రెసెంట్ సంస్థల కుటుంబ అన్వేషణ సేవ ఉంది. మీ దేశంలోని శాఖకు దరఖాస్తు పెట్టవచ్చు. నాజీల బాధితులు, యుద్ధానంతర నిరాశ్రయుల వివరాలు జర్మనీలోని ఆరోల్సన్ పత్రాగారంలో ఉన్నాయి, సుమారు 1.75 కోట్ల మందికి సంబంధించినవి. మీ గురించి నమోదైన వ్యక్తిగత వివరాలను ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థను అడగవచ్చు. పేరును ఎన్ని రకాలుగా రాసే వీలుందో అన్నీ ఇవ్వండి. అక్షరం తేడాతో దొరకకుండా పోయిన పత్రాలు చాలా ఉంటాయి.

నాన్నకు ఇప్పుడు డెబ్భై దాటాయి. ఇన్నాళ్లూ లేనిది, ఇప్పుడు ఆనాటి పీడకలలు వస్తున్నాయి. ఎందుకు?

పని, పిల్లల పెంపకం ఉన్నంతకాలం మనసుకు తీరిక ఉండదు. పదవీ విరమణ, భార్య మరణం, జబ్బు వచ్చినప్పుడు పాతవి పైకి వస్తాయి. మతిమరుపు వ్యాధి తోడైతే దగ్గరి జ్ఞాపకాలు ముందు చెరిగి, చిన్ననాటివి మిగులుతాయి. తర్వాత నేర్చుకున్న భాష జారిపోయి మొదటి భాషలోనే మాట్లాడటం కూడా చూస్తాం. ఆ స్థితిలో యూనిఫాం వేసుకున్నవారు, తాళం వేసిన తలుపు, వరుసలో నిలబెట్టడం, రాత్రిపూట కేకలు ఆయనకు మళ్లీ ఆ రోజులే. సంరక్షకులు దాన్ని మొండితనంగా పొరబడతారు. ఆయన చెప్పగలిగిన స్థితిలో ఉండగానే ఒక పేజీ రాయించండి: చిన్నప్పుడు మాట్లాడిన భాష, ఇంట్లో పిలిచిన పేరు, భయపెట్టే శబ్దాలు, వస్తువులు, శాంతపరిచే పాట లేదా ప్రార్థన, ఆ భాష తెలిసిన ఒకరి ఫోను నంబరు. దాని ప్రతిని వైద్య పత్రాలతో పాటే ఉంచి, కొత్తగా చూసుకోవడానికి వచ్చిన ప్రతివారికీ మొదటి రోజే చదివి వినిపించండి.